తొమ్మిది ముక్కలు

మీ ఇంట పేక ఉన్నదా అని మేము అడగము. ఉన్నదని ఒప్పుకొనే ఇళ్ళు తక్కువ. వెదికితే దొరకని ఇళ్ళు అంతకంటె తక్కువ. దానిని బయటికి తీసి 19 ముక్కలు లెక్కించి చేత పట్టుకొనండి. రాజైనా, రాణియైనా, ఆసైనా, ఏ ముక్కలైనా సరే. వాటిలో నుండి ఒకటి మొదలు తొమ్మిది వరకు మీకు తోచినన్ని తీసి, పక్కవారికి కూడ చెప్పక, జేబులో వేసుకొనండి. ఇప్పుడు చేతిలో మిగిలిన వానిని లెక్కపెట్టండి. రెండంకెల సంఖ్య వచ్చి ఉంటుంది. ఆ రెండంకెలను కూడండి. కూడగా వచ్చినన్ని ముక్కలు తీసి బల్లమీద ఉంచండి. మేము స్టూడియోలో మైక్రోఫోను ముందు ఉన్నాము; మీరు మీ ఇంట రేడియో ముందు ఉన్నారు. మీరు జేబులో వేసుకొన్నవి ఎన్నో మాకు తెలియదు, తెలుసుకొనే మార్గమూ లేదు. అయినా చెబుతున్నాము: ఇక మీ చేతిలో మిగిలినవి తొమ్మిది ముక్కలు.

ఎనిమిదో పదో వచ్చినవారు మొదట 19 సరిగా లెక్కించినారో లేదో చూసుకొనండి. ఈ గారడీలో పొరపాటు పడగలిగినవారు లెక్కపెట్టేవారు మాత్రమే. ఈ ప్రసంగాన్ని అచ్చులో చదువుకొనేవారికి కూడ ఇదే మనవి.

పేకతో చేసే గారడీలు రెండు తెగలు. ఒకటి హస్తలాఘవం మీద నడిచేది. ముక్కను అరచేతిలో దాచడం, పైముక్క తీసినట్లు నటించి రెండవ ముక్క తీయడం, కలిపినట్లే కలిపి ఏ ముక్కనూ కదలనీయకపోవడం. దీనికి ఏళ్ళ తరబడి సాధన కావలె. రెండవది కేవలం లెక్క మీద నడిచేది. దీనికి చేతివాటం అక్కరలేదు. చేసేవాడు పేకను ముట్టుకోకపోయినా జరిగి తీరుతుంది. ఆంగ్లేయ ఐంద్రజాలికులు దీనికి 'తనంతట తాను పనిచేసే గారడీ' అని పేరు పెట్టినారు. మొదటి తెగవారు ఈ రెండవదానిని కొంచెం చిన్నచూపు చూడడం కద్దు. చేతి కష్టం లేనిదానిలో విద్య ఏమున్నది అని వారి వాదం. మా అభిప్రాయం వేరు. రేడియోలో ప్రదర్శించగలిగిన గారడీ ఇదొక్కటే గనుక మాకు పక్షపాతం ఉన్నదని ఎవరైనా అంటే కాదనము.

ఇందలి కీలకం చెప్పవలెనా? చెబుతాము, ఎందుకు చెబుతున్నామో తరువాత తెలుస్తుంది. 19లో నుండి ఒకటి మొదలు తొమ్మిది వరకు తీసివేస్తే మిగిలేది 10కి తక్కువ కాదు, 18కి ఎక్కువ కాదు. అనగా దాని మొదటి అంకె ఎప్పుడూ ఒకటే. రెండవ అంకె ఎంతైనా కానీయండి, ఆ సంఖ్య పదిని రెండవ అంకెతో కూడినది. అంకెల మొత్తమో, ఒకటిని అదే అంకెతో కూడినది. దానిలో నుండి దీనిని తీసివేస్తే రెండవ అంకె రద్దయిపోతుంది. పదిలో ఒకటి పోగా మిగిలేది తొమ్మిది. మీరు రహస్యంగా జేబులో దాచినది ఏదో అదే మొదట చెల్లిపోయినది. దాచడం వృథా, దాచినానన్న తృప్తి మాత్రం మీది.

తొమ్మిది యొక్క ఈ చమత్కారాలు మనవారికి కొత్తవి కావు. రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, సుమారు 850 ప్రాంతంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం' రచించినాడు. అందులో కొన్ని గుణకారాలను ఆయన రాజులు మెడలో ధరించదగిన కంఠాభరణాలతో పోల్చినాడు. 12345679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్లు వరుసగా వస్తాయి. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు వస్తాయి. ఎటునుండి చదివినా ఒకటే కనుక హారం వంటివన్నమాట. ఆ రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్య శాఖవారు కరీంనగరు సీమలో వేములవాడ రాజధానిగా ఏలినారు. వారి నీడలో జైన పండితులు వర్ధిల్లినారు; కన్నడ ఆదికవి పంపడు ఇక్కడి ఆస్థానకవి; పంపని తమ్ముడు జినవల్లభుడు గంగాధర సమీపాన కురిక్యాల బొమ్మలగుట్ట మీద వేయించిన పదవ శతాబ్ది శాసనంలో తెలుగు కంద పద్యాలు ఉన్నవి. మహావీరుని గ్రంథాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చినాడు. తెలుగులో తొలి గణితగ్రంథం అదే. లెక్కను వినోదంగా చెప్పడం, సభలో పదిమంది చేత 'ఔరా' అనిపించడం ఆ నాటి నుండి ఉన్న అలవాటే. గారడీకి కూడ మన దేశాన రాజాదరణ ఉండినది; విప్రవినోదులనే ఐంద్రజాలిక బ్రాహ్మణుల పేరు విజయనగర కాలపు శాసనాలలో కనిపిస్తుంది.

ఇక పేక సంగతి. తెలంగాణ పల్లెలలో పేకముక్కలను పత్తాలంటారు. నేటి 52 పత్తాల పేక ఐరోపా నుండి వచ్చినది. అంతకు ముందు మనదేశంలో ఆడినది గంజీఫా. మొగలు చక్రవర్తి బాబరు 1527లో సింధు దేశంలోని షా హసన్‌కు గంజీఫా పంపించినట్లు తన స్మృతులలో వ్రాసుకొన్నాడు. అక్బరు కాలంలో ఆటను అబుల్ ఫజల్ 'ఐన్-ఇ-అక్బరీ'లో వర్ణించినాడు. గంజీఫా ఆకులు తరచుగా గుండ్రంగా, రూపాయి బిళ్ళకంటె కొంచెం పెద్దవిగా ఉంటవి. ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు, వెరసి 96 ఆకులు. ప్రతి రంగులోను ఒక రాజు, ఒక వజీరు, ఒకటి నుండి పది వరకు అంకెలు. కిరీటం, వెండి నాణెం, కత్తి, దాసుడు, వీణ వంటి వాద్యం, బంగారు నాణెం, పత్రం, సరుకుమూట: ఇవి రంగుల గుర్తులు. హిందువుల ఇళ్ళలో దశావతార గంజీఫా ప్రచారంలో ఉండినది. అవతారానికి ఒక రంగు చొప్పున పది రంగులు, 120 ఆకులు. పగటిపూట ఆడితే రాముని రంగు వారు ముందు దిగవలె, రాత్రి ఆడితే కృష్ణుని రంగు వారు. ఇంకొక విడ్డూరం, సగం రంగులలో పది పెద్దది, ఒకటి చిన్నది. మిగిలిన సగంలో ఒకటి పెద్దది, పది చిన్నది. ఈ తలకిందుల వరుసను తప్పు లేకుండ గుర్తుంచుకొని ఆడిన మన తాతముత్తాతల జ్ఞాపకశక్తికి నమస్కరించవలసిందే. నేటి రమ్మీ దీని ముందు పిల్లల ఆట.

ఈ ఆకులు వ్రాసిన దక్కను ఊళ్ళలో నిర్మల్ ఒకటి. అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని ఆ ఊరు 2016 అక్టోబరు నుండి తన పేరనే జిల్లాకు ముఖ్యపట్టణమైనది. నిర్మల్ అంటే అందరికీ పొనికి చెక్క బొమ్మలు, నల్లని నేల మీద బంగారు వన్నె చిత్రాలు గుర్తుకు వస్తవి. బొమ్మలు చేసే నకాషీల చేతులే గంజీఫా ఆకులు కూడ వ్రాసినవి. దక్కనులో ఈ ఆకుల పని సామాన్యంగా ఇట్లా ఉండేది: పాత గుడ్డ పొరలను చింతగింజల అంబలితో ఒకదానిపై ఒకటి అతికించి, ఎండబెట్టి, సుద్ద పూసి, నున్నగా తోమి, గుండ్రంగా కోసి, సన్నని కుంచెతో బొమ్మ వ్రాసి, పైన లక్క పూయడం. ఒక్క పేకకు 96 సార్లో 120 సార్లో ఈ పని. 1830వ దశకంలో లండనులో థామస్ డి లా రూ యంత్రం మీద రంగుల పేకలు అచ్చువేయడం మొదలుపెట్టినాడు. కొన్నాళ్ళకు అట్టువంటి పేకలు మన బజార్లకు కుప్పలుగా దిగినవి. వాటి ధరకు నకాషీ ఒక్క రాజును కూడ వ్రాసి ఇవ్వలేడు. 1950వ దశకంలో నిర్మల్ బొమ్మల పనివారికి సహకార సంఘం ఏర్పడినది. బొమ్మ నిలిచినది, చిత్రం నిలిచినది. గంజీఫాకు మాత్రం ఆడేవారు లేక అడిగేవారు లేకపోయినారు.

ఒక రికార్డింగు పనిమీద మేము నిర్మల్ వెళ్ళినప్పుడు ఒక నకాషీ ఇంట పాత ఆకులు చూసినాము. చెక్కపెట్టెలో ముప్పై చిల్లర మాత్రమే మిగిలినవి. వాటి అంచులు అరిగి, లక్క పగిలి ఉన్నా, ఒక గుర్రపు వజీరు మీసం మాత్రం నిన్న దిద్దినట్లున్నది. ఇంటి పెద్దామె అనుమతితో మేము వాటితోనే ఒక గారడీ చేయబోయినాము. ఎందుకు చేయబోయినామో చెప్పవలె. చేత వ్రాసిన ఆకులలో ఏ రెండింటి వీపులూ సరిగ్గా ఒకటిగా ఉండవు. ఒకదాని మీద గీత, ఒకదాని మీద చుక్క. వాడిన ఆకును వీపు చూసి గుర్తుపట్టవచ్చు. అందుచేత గంజీఫాతో హస్తలాఘవం చేసేవానిని ఎవరూ నమ్మరు. వీపు చూసి చెప్పినాడంటారు. లెక్క గారడీకి ఆ నింద లేదు. ఆకులను వారే పంచుతారు, వారే ఎత్తుతారు.

ఆ గారడీ 27 ముక్కలది. ఫ్రెంచి గణితజ్ఞుడు గెర్గోన్ తాను నడిపిన గణిత పత్రికలో 1813-14లో దీనికి శాస్త్రీయమైన ఉపపత్తి వ్రాసినాడు గనుక అతని పేరు దానికి నిలిచినది. ఆట అంతకంటె పాతది. 1612లోనే బాషే అనే మరొక ఫ్రెంచి పండితుడు లెక్కల వినోదాల మీద ఒక పుస్తకం అచ్చువేసినాడు. వెనిసులో 1593లో గలాసో వేసిన చిన్న పొత్తం పేక గారడీల మీదనే. మన ఇళ్ళలో 21 ముక్కలతో ఆడి, పదకొండవ ముక్క తీసి చూపేది దీని చెల్లెలే.

శ్రోతలు చేసి చూడదలచితే వివరం ఇది. ఎదుటివారు 27 ముక్కలలో ఒకటి మనసులో తలచుకొంటారు. ముక్కలను ముఖాలు పైకి కనబడేటట్లు మూడు కుప్పలుగా, ఒక్కొక్కటి వరుసగా పంచవలె: మొదటిది మొదటి కుప్పకు, రెండవది రెండవదానికి, మూడవది మూడవదానికి, మళ్ళీ మొదటికి. తలచిన ముక్క ఏ కుప్పలో ఉన్నదో వారు చెబుతారు. కుప్పలను వరుస చెదరకుండ ఒకదానిమీద ఒకటి చేర్చి, పేకను బోర్లించి, పైనుండి మళ్ళీ పంచవలె. ఇట్లా మూడుసార్లు. ప్రతిసారీ వారు చెప్పిన కుప్పను నడుమ ఉంచితే చివరకు ఆ ముక్క 14వది అవుతుంది. అంతటితో ఆగితే ఇది పిల్లల ఆట. అసలు అందం ముందున్నది. ఎదుటివారు ఏ సంఖ్య కోరితే ఆ సంఖ్య దగ్గరికి ముక్కను తీసుకొని రావచ్చు. కోరిన సంఖ్యలో ఒకటి తగ్గించి, దానిని తొమ్మిదులు, మూళ్ళు, ఒకట్లుగా విడదీయవలె. ఒకట్లు ఎన్ని ఉంటే, బోర్లించిన పేకలో, మొదటిసారి చెప్పిన కుప్పకు పైన అన్ని కుప్పలు ఉంచవలె. మూళ్ళు ఎన్ని ఉంటే రెండవసారి అన్ని. తొమ్మిదులు ఎన్ని ఉంటే మూడవసారి అన్ని. ఐదు కోరినారనుకొనండి. ఒకటి తగ్గిస్తే నాలుగు: తొమ్మిదులు లేవు, ఒక మూడు, ఒక ఒకటి. కనుక మొదటిసారి పైన ఒక కుప్ప, రెండవసారి పైన ఒక కుప్ప, మూడవసారి పైన ఏమీ లేదు. ముక్క ఐదవది అవుతుంది. ఒక్కసారి పంచితే ముక్క ఉండగల చోట్లు 27 నుండి తొమ్మిదికి, రెండవసారికి మూడుకు, మూడవసారికి ఒకటికి దిగుతవి. పదులకు బదులు మూళ్ళతో లెక్కపెట్టడం తప్ప ఇందులో మరేమీ లేదు.

నిర్మల్‌లో అది విఫలమైనది. మూడుసార్లు పంచినాము, నకాషీ చెప్పిన సంఖ్య దగ్గర ఆకు తిప్పినాము. అది కాదు. దాని పక్కదీ కాదు. మాకు చెమటలు పట్టినవి. పెద్దామె వచ్చి ఆకులను దీపం వైపు పెట్టి ఒక్కొక్కటే తడిమి చూసింది. రెండు ఆకులు లక్క కరిగి అతుక్కొని ఒకటిగా ఉన్నవి. మేము 27 అనుకొని లెక్కించినవి నిజానికి 28; తలచుకొన్న ఆకు తన జోడుతో కలిసి ఒకటిగా తిరిగింది. "ఎన్నేండ్ల సంది పెట్టెల పడి ఉన్నయో, ఒకదాన్నొకటి ఇడుస్తలేవు" అన్నదామె. ఆ రెండింటినీ విడదీయడానికి ఆమె ప్రయత్నించలేదు. విడదీస్తే బొమ్మ చెడుతుందని పెట్టెలో అట్లాగే పెట్టేసింది.

లెక్క గారడీకి ఒక పెద్ద లోపం ఉన్నది, అది సాగతీత. 27 ముక్కలను మూడుసార్లు పంచుతున్నంతసేపు చూసేవారికి విసుగు పుడుతుంది. చేతులు చేయని పనిని నోరు చేయవలె. పంచుతూ ఏదైనా ఒక కథ నడపవలె. మా ఉద్యోగపు తొలి రోజులలో పల్లెలకు వెళ్ళి రైతులతో కార్యక్రమాలు రికార్డు చేసే పని మాది. మాట కలపడానికి పేక ఒకటి సంచిలో ఉండేది. అప్పుడు మేము ఒక అలంకారం కల్పించుకొన్నాము. ముక్కలు 27, నక్షత్రాలు 27, వాటి పేర రైతుల కార్తెలూ 27. అశ్విని మొదటిది, రోహిణి నాలుగవది, మృగశిర ఐదవది, స్వాతి పదిహేనవది, రేవతి చివరిది. రైతును "నీకు నచ్చిన కార్తె చెప్పు" అని అడిగి, దాని వరుస సంఖ్య దగ్గర అతని ముక్క తీసి చూపేవారము. పల్లెలో ఎవరికీ కార్తెల వరుస చెప్పనక్కరలేదు. సంఖ్య కంటె కార్తె అన్నప్పుడు వారి ముఖాలలో వచ్చే వెలుగు చూసి మేము పొంగిపోయేవారము. ఆ అలంకారం మా సొంతం, దానికి బాధ్యతా మాదే.

గోదావరికి ఈ దరి కరీంనగరు, ఆ దరి ఆదిలాబాదు. ఆ దరిన ఒక ఊళ్ళో, వానలు రాక ముందు, చావడి అరుగుమీద మా ప్రదర్శన జరిగింది. ఒక పెద్దరైతు మిర్గం కార్తె కోరినాడు. ఐదవ ముక్క తిప్పితే అతడు తలచిన ఆఠీను రాణి. జనం చప్పట్లు కొట్టినారు. అతడు కొట్టలేదు. సభ ముగిసి మేము యంత్రాలు సర్దుకొంటుండగా దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకొని అన్నాడు: "కనిపియ్యని పత్తా చెప్పిన్రు గద సారూ. మొన్న మా ఎద్దు సచ్చిపోయింది. కోడలు మంచం పట్టింది. ఎవరు చేసిండ్రో గూడ చెప్పున్రి."

బాణామతి, చేతబడి అనే మాటలు ఈ ప్రాంతపు శ్రోతలకు చెప్పనక్కరలేదు. మంత్రం పెట్టినారన్న అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన వార్తలు ఈ రెండు జిల్లాల నుండి పత్రికలలో పలుమార్లు వచ్చినవి. ఎక్కువగా ఆ అనుమానానికి గురి అయ్యేది ఒంటరి ముసలివారు, విధవలు, దిక్కులేనివారు. ఆ రైతు అడిగినది ఒక పేరు. మేము ఏ పేరూ చెప్పలేదు, మాకేమీ తెలియదన్నాము. అక్కడ నిలిచిన పదిమందిలో ఒకడు మెల్లగా అన్నమాట మాకు వినబడింది: "సారుకు ఎరికే. భయపడి చెప్తలేడు." చెప్పకపోవడం కూడ చెప్పినట్లే అయిందని అప్పుడు గ్రహించినాము. కార్తెల పేరు తెచ్చి, నక్షత్రాలను చేతిలో పెట్టుకొన్నట్లు నటించి, ఆ మాటకు దారి వేసినది మేమే.

ఇట్టి చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. ఇంగ్లండులో కెంటు ప్రాంతపు భూస్వామి రెజినాల్డ్ స్కాట్ 1584లో మంత్రగత్తెల విషయమై ఒక పెద్ద గ్రంథం ప్రకటించినాడు. ఆ నాడు అక్కడ ముసలివాళ్ళను మంత్రగత్తెలని విచారించి ఉరితీసేవారు. స్కాట్ దానిని ఖండిస్తూ, మంత్రశక్తి అని జనం నమ్మేవి ఎన్నో చేతి నేర్పుతోను యుక్తితోను చేయవచ్చునని నిరూపించడానికి, గారడీల కీలకాలను పుస్తకంలో బయటపెట్టినాడు. అందులో పేక గారడీలూ ఉన్నవి. ఆంగ్లభాషలో గారడీని వివరించిన తొలి గ్రంథాలలో అదొకటి. గారడీవారి రహస్యం బయటపడినందుకు కారణం వినోదం కాదు, కొందరి ప్రాణాలు. స్కాట్లండు రాజు ఆరవ జేమ్సు 1597లో దయ్యాల విద్య మీద తానొక పుస్తకం వ్రాసి, స్కాట్‌ను పేరుపెట్టి నిరసించినాడు. రాజుగారికి కోపం వచ్చిందంటే ఆ పుస్తకం గురి తప్పలేదన్నమాట.

మన కాలంలో శ్రీలంకలో స్థిరపడిన కేరళీయుడు డాక్టరు అబ్రహాం కోవూరు (1898–1978) అద్భుతశక్తులు చూపగలవారికి 1963 నుండి బహిరంగ సవాలు విసిరినాడు. ఆయన బాటలో బి. ప్రేమానంద్ (1930–2009) ఊరూరా తిరిగి అద్భుతాలను చేసి చూపి, వెంటనే గుట్టు చెప్పేవాడు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు తెలుగు పల్లెలలో ఈ పని చేస్తూ వచ్చినారు. ఆదిలాబాదు ఎల్ల దాటితే మహారాష్ట్ర. అక్కడ 2013లో క్షుద్రవిద్యల పేర జరిగే దురాగతాలపై చట్టమే వచ్చింది, దానికై పోరాడిన డాక్టరు నరేంద్ర దాభోల్కర్ అదే ఏడు ఆగస్టులో హత్యకు గురియైన తరువాత.

గారడీవారి ధర్మం కీలకం చెప్పకపోవడం. ప్రొఫెసరు పి. సి. సర్కార్ వంటి మహా ప్రదర్శకులు ఆ ధర్మంతోనే లోకాన్ని మెప్పించినారు. 1956 ఏప్రిల్ 9న బి.బి.సి. టెలివిజనులో ఆయన ఒక అమ్మాయిని రంపంతో కోసినట్లు చూపగా, కాలం మించి కార్యక్రమం చటుక్కున ముగిసింది. అమ్మాయి నిజంగా చచ్చిపోయిందనుకొని లండనులో జనం టెలిఫోనులు మోగించినారు. మరునాడు పత్రికలు చూసి అందరూ నవ్వుకొన్నారు. నాటకశాలలో, టిక్కెట్టు కొని కూర్చున్నవారి ముందు రహస్యం ఒక అందం. మా చావడి అరుగుమీద అది అందం కాదు. ఎవరి ముందు నిలబడినామో చూసుకోవలె.

ఆ రాత్రి మేము తిరుగు ప్రయాణం మానుకొన్నాము. కరెంటు పోయి ఊరంతా చీకటిగా ఉన్నది. కందిలి తెప్పించి, రైతును అరుగుమీద కూర్చోబెట్టి, పేక అతని చేతికే ఇచ్చినాము. "పెద్దయ్యా, ఈసారి మేము ముట్టుకోము. నువ్వే పంచు. నీ మనుమడు ఒకటి తలుస్తాడు." పత్తాలు పంచడం అతనికి బాగా అలవాటని చేతులు చూస్తేనే తెలిసింది. మొదట కార్తె లేదు, సంఖ్య లేదు. చెప్పిన కుప్పను మూడుసార్లూ నడుమ పెట్టించినాము. 14వ పత్తా అతడే తిప్పినాడు. మనుమడు ఎగిరి గంతేసినాడు. రైతు పత్తాను చూసి, మమ్ము చూసి, "ఇగ నాకు గూడ అచ్చిందా ఏంది?" అన్నాడు. జనం నవ్వినారు. అతనికి నవ్వు రాలేదు. మళ్ళీ పంచినాడు. ఈసారి ఒక పొరుగామె తలచింది, మళ్ళీ 14. తరువాత మిర్గం లెక్క ఎట్లా కట్టినామో నేల మీద బొగ్గుతో గీసి చెప్పినాము: ఇక్కడ ఒక కుప్ప, ఇక్కడ ఒక కుప్ప, ఇక్కడ సున్న. బడి చదువులేని ఆ మనిషి మూడవసారికి రోహిణి తానే కట్టినాడు. మొదట పైన ఏమీ లేదు, రెండవసారి ఒకటి, మూడవసారి ఏమీ లేదు. మా పట్టభద్రుల తలలకు ఇంతకంటె ఎక్కువసేపు పట్టింది.

అప్పుడడిగినాడు: "మరి ఎద్దు?" ఆ ప్రశ్నకు పేకలో జవాబు లేదు. మరునాడు ఉదయం మేము మండల కేంద్రంలోని పశువైద్యునికి సంగతి చెప్పి ఊరికి పంపినాము. గొంతువాపు అయి ఉంటుందని, వానల ముందు టీకాలు వేయించుకొనండని చెప్పి ఆయన మిగిలిన గొడ్లకు టీకాలు వేసినాడట. కోడలిని ఆసుపత్రికి తీసుకుపోయినారు. ఊరి చివర పాకలో ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మను గురించి ఆ రాత్రి ఎవరో అన్నమాట మేము మరచిపోలేదు. ఏడాది తరువాత ఆ ఊరికి మళ్ళీ వెళ్ళినప్పుడు మొదట చూసినది ఆ పాకనే. ముసలమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది.

నాటి నుండి కార్తెల అలంకారం మేము వాడలేదు. గారడీ చేసిన చోటల్లా చివర పేకను ఎదుటివారి చేతిలో పెట్టి, వారి చేతనే చేయిస్తాము. చప్పట్లు కొంచెం తగ్గినవన్నది నిజమే. ఆ ఊళ్ళో మాత్రం రైతు మనుమడు పేకను తిరిగి ఇస్తూ ఒక పత్తా తక్కువ ఇచ్చినాడు. కళావరు తొమ్మిది. ఎక్కడ పోయిందంటే చెప్పడు. ఇప్పటికీ మా సంచిలోని పేకలో ఉన్నవి 51 ముక్కలే. 27 ముక్కల గారడీకి, ఈ నాటి 19 ముక్కల లెక్కకు అవి చాలునని ఊరుకొన్నాము.